రాగం తియ్యకూడని వానాకాలం

పాత సామాన్లవాడు మా వీధిలోకి వచ్చాడంటే మా ఆవిడ సుభద్ర కంటికి ఇల్లంతా చెత్తలా కనిపిస్తుంది. మొన్న అలాగే అటక మీదివీ, మంచం కిందివీ, చివరికి వంటింట్లో చింతపండు పోసుకునే నల్లటి గిన్నె కూడా తెచ్చి అరుగు మీద పెట్టింది. ఆ గిన్నెకు అడుగు చదునుగా ఉండదు. కింద చుట్టకుదురు లేకపోతే ఎటు వాలు ఉంటే అటు దొర్లిపోతుంది. సామాన్లవాడు దాన్ని వేలితో కొట్టి చూసి, "ఏంటండీ బాబూ ఇది? బాణలీ కాదు, కుండా కాదు" అన్నాడు. నేను ఊరుకుంటానా? బర్మా రాజుగారు గంజి తాగిన పాత్ర అనీ, యుద్ధం రోజుల్లో కిరీటం అమ్ముకున్నాడు గానీ దీన్ని మాత్రం అమ్మలేక మా అమ్మ చేతిలో పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడనీ చెప్పాను. వాడు నోరు తెరిచాడు. సుభద్ర వాకిట్లోంచే, "ఆయన మాటలకేం గానీ, తూకం వెయ్యి నాయనా" అంది. తక్కెడలో పెట్టాక ఆ గిన్నె ఒక పక్కకు ఒరిగి, తలవంచుకుని కూర్చున్న కుర్రవాడిలా కనిపించింది. చెయ్యి చాచి వెనక్కి తీసేసుకున్నాను. లోపల మొహం పెడితే చింతపండు పులుపు వాసన. ఆ పులుపు కింద, ఎన్నేళ్ళు తోమినా పోని లక్క వాసన.

అది భిక్షాపాత్ర. ఒక వానాకాలమంతా దాన్ని కడుపుకు ఆనించుకుని, గుండుతో, కాళ్ళకు చెప్పులు లేకుండా యానాం వీధుల్లో తిరిగాను. ఇది చెబితే నా కథలు ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు.

మా నాన్న రంగంలో బియ్యం మిల్లు గుమస్తా. రంగం అంటే రంగూన్. మా వైపు నుంచి ఆ రోజుల్లో పొట్టకోసం ఓడెక్కినవాళ్ళంతా అక్కడికే చేరేవారు. జపాను బాంబులు పడ్డాక అందరితో పాటు మేమూ కాలినడకన బయల్దేరాం. ఆ అడవిదారి గురించి నేను మామూలుగా చెప్పే కథలో ఒక పులి ఉంటుంది. ఈసారి పులిని వదిలేస్తున్నాను. ఉన్నది జ్వరం. నాన్న దారిలోనే పోయాడు. నాకూ ఒళ్ళు కాలిపోయి, తర్వాత చల్లబడిపోయింది. అమ్మ నన్ను భుజాన వేసుకుని కనబడ్డ ఒక బౌద్ధ ఆరామంలోకి వెళ్ళి, అక్కడి ముసలి భిక్షువు కాళ్ళ దగ్గర పడుకోబెట్టి, ఈ బిడ్డ బతికితే మీ ఆచారం ప్రకారం ఒక వానాకాలం మీ కాషాయగుడ్డ కట్టిస్తానని మొక్కుకుంది. బర్మాలో ప్రతి మగపిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు కొన్నాళ్ళు భిక్షువుల దగ్గర శ్రామణేరుడిగా, అంటే చిన్న భిక్షువుగా, ఉండి వస్తాడు. మనకు ఒడుగు ఎలాగో వాళ్ళకు అది అలాగ. నేను బతికాను. యానాం చేరాం. అప్పటికి యానాం ఇంకా ఫ్రెంచి వాళ్ళది. మొక్కు తీర్చే దారి లేక అమ్మ ఏళ్ళ తరబడి, నాకు తుమ్మొచ్చినా దగ్గొచ్చినా ఉలిక్కిపడుతూ బతికింది. ఆ తర్వాత కనకాలపేట అవతల గౌతమి గట్టు మీద ఒక తాటాకుల విహారం వెలిసింది. రంగం రేవులో మూటలు మోసి, అక్కడే భిక్షువై, ముసలితనంలో సొంతగడ్డకు తిరిగివచ్చిన మెట్టకూరు మనిషి అందులో ఒంటరిగా ఉండేవాడు. ఊరివాళ్ళు ఆయన్ని రంగం స్వామి అనేవారు. నేను భంతే అనాలి. నాకు మీసాలు మొలుస్తున్న రోజుల్లో, తొలకరి పడగానే, అమ్మ నన్ను తీసుకెళ్ళి ఆయనకు అప్పగించింది.

అప్పగించిన తీరు ఊరు చాలాకాలం చెప్పుకుంది. గుడ్డ కట్టేముందు కుర్రవాణ్ణి రాజకుమారుడిలా అలంకరించి గుర్రం మీద ఊరేగించాలట, బుద్ధుడు ఇల్లు విడిచిన రోజుకు గుర్తుగా. అమ్మ నాటకాల కంపెనీ నుంచి తళుకుల కోటూ కిరీటమూ అరువు తెచ్చింది. గుర్రం జట్కాబండిది. పాపం, దానికి ఎక్కడ ఆగాలో అలవాటు గనక ప్రతి సారాకొట్టు దగ్గరా ఆగింది. వెనక ఒక సన్నాయి, ఒక డోలు. ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, "ఎవరి పెళ్ళి? పెళ్ళికూతురు ఏదీ?" అని మా అమ్మను అడిగారు. ఒకావిడ అక్షింతలు కూడా వేసేసింది. విహారం దగ్గర అమ్మ తెల్లగుడ్డ పట్టుకుంటే అందులోకి నా జుట్టంతా రాలింది. అది చూసి, పెళ్ళనుకుని వెంట వచ్చినవాళ్ళు గుండెలు బాదుకున్నారు. "అయ్యో, ఎవరు పోయారమ్మా?" అని అమ్మను పట్టుకుని ఏడ్చారు. ఒక్క పూటలో నాకు పెళ్ళీ అయిపోయింది, చావూ అయిపోయింది. ఆ తర్వాత అమ్మ నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు దండం పెట్టి, "స్వామీ, మీరు" అంది. అప్పటిదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ మాట వినగానే లోపల ఏదో గడియ పడ్డట్టయింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను 'ఒరేయ్' అనే మనిషి ఇంట్లో ఆవిడొక్కతే.

పొద్దు పొడవకముందే లేవడం, విహారం ఊడ్వడం, భంతే వెనక వరసలో భిక్షకు నడవడం, పన్నెండు దాటకముందే తినేయడం, దాటాక నీళ్ళు తప్ప ముట్టకపోవడం. పరుపు మీద పడుకోకూడదు, పూలు వాసన చూడకూడదు, డబ్బు తాకకూడదు, పాడకూడదు. అన్నిటికన్నా ఘోరం, అబద్ధం ఆడకూడదు. వానాకాలం పూర్తయ్యేదాకా ఆ గట్టు వదిలి మరో చోట పడుకోకూడదు. అసలే మాది గట్టిగా పరిగెడితే ఇంకో దేశంలో పడే ఊరు, అందులో ఒక పాక, ఆ పాకలో ఒక చాప, ఆ చాప మీద ఒక గుడ్డలో చుట్టి నేను. ఎదురుగా గోదావరి ఎర్రగా, వెడల్పుగా, ఎవర్నీ అడక్కుండా సముద్రంలోకి పోతుండేది. అదేమో పులసల కాలం. మధ్యాహ్నం తిరిగాక గాలి ఇటు మళ్ళిందంటే ఊరంతా ఒక్క పొయ్యి మీద ఉడుకుతున్నట్టు పులుసు వాసన. రంగంలో భిక్షువులు పాత్రలో పడింది ఏదైనా తింటారు, చేపైనా సరే. కానీ యానాంలో స్వామి అన్న మాట చెవిన పడగానే గరిటె దానంతటదే బీరకాయ వైపు తిరుగుతుంది. అడగడానికి నియమం ఒప్పదు. నాతో బడిలో చదివిన సత్తిబాబు పడవలూ వలలూ ఉన్న ఇంటివాడు. వాడు గుమ్మంలో నిలబడి, ఎంతో భక్తిగా పాత్రలో బీరకాయ కూర వేసి, గొంతు తగ్గించి, "ఇయ్యాల మా ఇంట్లో పులసండి స్వామీ. మా బామ్మ రాత్రే పులుసు పెట్టేసింది, ముక్క పట్టిందంటే... సర్లెండి, మీకెందుకు ఆ పాపం" అనేవాడు. వాణ్ణి తిట్టడానికి కూడా వీల్లేదు.

ఆ గుడ్డలో నాకు అన్నిటికంటే ఊపిరాడనివ్వనిది మాత్రం ఆకలి కాదు, గొంతు. అప్పటికి యానాంలో పద్యం రాగం తీసి చదవడంలో నన్ను మించినవాడు లేడు. ఇది కోత కాదు. అలా చేసినవారు పేర్రాజు మాస్టారు. తెల్లగుడ్డ కట్టుకుని, చంకలో గొడుగు, వేళ్ళకు ఎప్పుడూ నస్యం మరక, పొట్టిగా గుండ్రంగా ఉండే మనిషి. ఊళ్ళో తండ్రులకూ కొడుకులకూ కూడా ఆయనే తెలుగు చెప్పారు. ఊరి పొలిమేర గేటు దగ్గర ఫ్రెంచి టోపీ పెట్టుకుని నిలబడే జవానుకూ, రేవులో తెడ్డు వేసేవాడికీ ఆయన నేర్పిన పద్యాలే వచ్చు. నేను పాఠం రాక కథ అల్లితే కొట్టేవారు కాదు. "అబద్ధానికైనా గణాలు కుదరాలిరా. పులి అన్నావు సరే, అది వచ్చేముందు కోతులు అరవాలి కదా, అవేవీ?" అనేవారు. నా అడవిదారి కథలో కోతులు అలా చేరాయి. ఎప్పుడో గౌతమి దాటుతూ ఆయన కట్టుకున్న ఆటవెలది ఒకటి మా అందరికీ నోటికి వచ్చు.

గట్టు మీద నున్న కాళ్ళకు తెలియదు
పడవలోని వాని పాటలోతు
ఏరు దాటు వేళ నెవ్వరేడ్చిన నేమి
తెడ్డు చప్పు డొకటె తెలియనిమ్ము

ఆ పద్యానికి ఒక తంతు ఉండేది. మాస్టారు గొప్పగా రాగం తీస్తూ మూడో పాదం ముగించేసరికి ఆయన చెయ్యి నస్యం డబ్బా మీదకు పోయేది. ఆయన పట్టు పట్టి పీల్చేలోపల నాలుగో పాదం క్లాసంతా అందుకోవాలి. మేము 'తెలియనిమ్ము' అని దించేసరికి ఆయన కిటికీ రెక్కలు కదిలేలా ఒక్క తుమ్ము తుమ్మేవారు. అది లేకుండా పద్యం అయినట్టు కాదు. నేను ఒక్కణ్ణే లేచి చదివినా మూడో పాదం దగ్గర ఆగేవాణ్ణి, అందరూ అందుకునేవారు, ఆయన తుమ్మేవారు. నాలుగో పాదం ఎప్పుడూ ఏ ఒక్కడి నోటా పలకలేదు.

ఆ వానాకాలం మధ్యలో మాస్టారికి ఆయాసం ముదిరింది. భంతే నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళారు. మాస్టారు దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నా గుండు చూసి కళ్ళతోనే నవ్వి, "ఏరా, అబద్ధం ఆడకుండా బతికే ఉన్నావే. ఏదీ, మన పద్యం రాగం తియ్యి" అన్నారు.

"తియ్యకూడదు మాస్టారూ."

"ఎవడన్నాడు?"

"నేనేనండి అన్నది" అన్నారు భంతే, చాప మీంచి, మెల్లగా. "పాట వీళ్ళకి కూడదండి."

"మరి పొద్దున్నే మీరిద్దరూ ఆ పాళీ భాషలో తీసేదేంటండీ? గాలి ఇటుంటే నాకు శుభ్రంగా మోహన రాగంలా వినబడుద్ది."

"అది పాట కాదండి, పఠనం."

"మాదీ పఠనమేనండి. కాస్త రాగం జబ్బు చేసిందంతే" అని మాస్టారు నవ్వబోయి దగ్గులో పడ్డారు. తేరుకున్నాక నా చెయ్యి పట్టుకున్నారు. "సరేలే. నేను పోయినప్పుడు మాత్రం ఏడుపులొద్దు. నువ్వు ఈ పద్యం చదవాలి. సంతలో ధర చెప్పినట్టు చెప్పావంటే కట్టెల మీంచి లేచి వస్తాను. మాటివ్వు." నేను మాట ఇచ్చాను. అంతకుముందు నేను చాలామందికి చాలా మాటలిచ్చాను, వాటిలో ఒక్కదానికీ నిద్ర చెడలేదు. ఈసారి ఇచ్చింది అబద్ధం ఆడకూడని నోరు.

ఆయన పోయారని సత్తిబాబు పొద్దున్నే ముసురులో తడుస్తూ విహారం మెట్ల మీదకు వచ్చి చెప్పాడు. "మాస్టారు పోయార్రా" అన్నాడు. నా గుడ్డ చూసి, "పోయారండీ" అని దిద్దుకుని, మళ్ళీ "పోయార్రా" అని కూర్చుండిపోయాడు. దహనం మధ్యాహ్నమట, కాకినాడ నుంచి మేనల్లుడు రావాలట. నేను భంతే ముందు మోకరిల్లి, ఒక్క గంట ఈ గుడ్డ విప్పి వెళ్ళొస్తానన్నాను. ఆయన నా భుజం మీది గుడ్డ సర్దారు. "విప్పడానికి ఒక్క మాట చాలు బాబూ. ఈ పాకకి గడియ లేదు. ఎవరూ పట్టుకోరు. కానీ విప్పి, పాడి, మళ్ళీ వచ్చి కట్టుకుంటానంటే అది మీ అమ్మ మొక్కిన వానాకాలం అవదు, నాటకంలో వేషం అవుద్ది. నీ ఇష్టం." గడియ ఉంటే బద్దలుకొట్టేవాణ్ణి. లేని గడియను ఏం చేస్తాం?

అమ్మ ఆ పూట అన్నం తెచ్చింది. ఎప్పటిలాగే మూడుసార్లు వంగి దండం పెట్టింది. నేను మాస్టారికిచ్చిన మాట చెప్పాను. విప్పేయమంటుందేమోనన్న ఆశతోనే చెప్పాను. ఆవిడ క్యారేజీ మూతలు ఒక్కొక్కటే తీస్తూ తలెత్తలేదు. "మాస్టారంటే నాకు మాత్రం లేదా? ఈ ఊరొచ్చిన కొత్తలో బడిలో నీ పేరు రాసుకుని, ఫీజు మాటెత్తని మనిషి. కానీ నువ్వు అడివిలో నా భుజం మీద సల్లబడిపోయావురా. ఆ సల్లదనం ఈ భుజానికి ఇంకా అలాగే ఉంది" అంది. నెలన్నర తర్వాత నన్ను నువ్వు అంది. వెంటనే నాలుక కరుచుకుని, "తప్పయిపోయింది స్వామీ. భోంచెయ్యండి, పన్నెండు దాటిపోద్ది" అంది. తిన్నాను. ఒకవైపు చచ్చినవాడికిచ్చిన మాట, మరోవైపు నేను చావకుండా ఉండడానికిచ్చిన మాట. రెంటి మధ్యా నేను అన్నం ముద్దలు లెక్కలేకుండా మింగాను. రుచి తెలియలేదు.

మాస్టారి ఇంటిముందు ఊరంతా ఉంది. ఒక పెద్దాయన మా ఇద్దర్నీ ఆపి, "స్వాములు శవం దగ్గరికి రాకూడదండి" అన్నాడు. "మీ స్వాములు రారండి. మా స్వాములకి అక్కడే పని" అన్నారు భంతే. మేనల్లుడికి గుండు చేయడానికి వచ్చిన మంగలి నన్ను ఎగాదిగా చూసి, "ఈ బాబుకి ముందే చేసేశారే, ఎవరు పిలిపించారు?" అని మనసు కష్టపెట్టుకున్నాడు. పాడె లేపే ముందు మాస్టారి భార్య అరుగు చివరిదాకా వచ్చి నాకేసి చూసింది. "నువ్వు చదువుతావని చెప్పారు నాయనా. నీ గొంతు బాగుందో లేదో చూసుకోమన్నారు. మిరియాల పాలు తాగావా?" అని అడిగింది. అబద్ధం ఆడే వీలుంటే తాగానని చెప్పేవాణ్ణి. తల అడ్డంగా ఊపాను.

గట్టు మీద చితి పేర్చారు. కట్టెలు తడిసి ఉన్నాయి, కిరసనాయిలు వాసన. వరద గట్టును కోస్తున్న చప్పుడు. అందరూ నావైపు తిరిగారు. పడవల వాళ్ళు, కొట్ల వాళ్ళు, టోపీ చేతిలో పట్టుకున్న గేటు జవాను, మా క్లాసు వాళ్ళు. సత్తిబాబు, "కానీరా" అన్నాడు. నేను భంతే మొహం చూశాను. ఆయన పెదాలు కదిలీ కదలకుండా, "రాగం కూడదన్నాను. మాట కూడదనలేదు" అన్నారు. అంటే సంతలో ధర చెప్పినట్టు. ఎలా చెబితే కట్టెల మీంచి లేచి వస్తానని మాస్టారు అన్నారో అలాగ. చేతులు గుడ్డలోపల పెట్టుకుని, గొంతు ఎక్కడా ఎత్తకుండా, దించకుండా, గట్టు మీద నున్న కాళ్ళకు తెలియదు అన్నాను. రాగం తీసేటప్పుడు మాటలు పడవలో పోయినట్టు పోతాయి. అది లేకపోతే ప్రతి మాటనూ కాలు మోపి దాటాలి. పడవలోని వాని పాటలోతు అన్నాను. ఎన్నివందల సార్లు చదివానో, ఆ మాటకు అర్థం ఉందని అప్పుడే తెలిసింది. ఏరు దాటు వేళ నెవ్వరేడ్చిన నేమి అన్నాను.

ఆగిపోయాను. కావాలని కాదు. అక్కడ ఆగడమే నాకు వచ్చు. నాలుగో పాదం కోసం నోట్లో వెతికితే ఖాళీగా ఉంది. వాన చితి మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో నా వెనక ఎక్కడో, చలిలో బొంగురుపోయిన సత్తిబాబు గొంతు, రాగమంటే వాడికి ఎప్పుడూ రాదు, తెడ్డు అని ఎత్తుకుంది. రెండో మాటకు క్లాసు కలిసింది. మూడో మాటకు తండ్రులు కలిశారు, జవాను కలిశాడు. గట్టంతా ఒక్క గొంతై, అచ్చం ఆయన రాగంలో, తెలియనిమ్ము అని సాగదీసి దించింది. ఆ ఊళ్ళో ఆ రాగం తీయకుండా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

తర్వాత అందరమూ ఆగాం. ఎవరూ ఎవర్నీ చూసుకోలేదు. పెద్దవాళ్ళూ పిల్లలూ అందరూ చితివైపు మెడలు సాచి, చెవులు రిక్కించి ఉన్నారు. తుమ్ము కోసం. అలవాటు అంత పాడుది. అది రాలేదు. అప్పుడు కేక పెట్టింది మొదట గేటు జవాను. ఆ తర్వాత గట్టంతా ఏడ్చింది, ఆయన వద్దన్నా. నేను గుడ్డలో చేతులు బిగించుకుని నిలబడ్డాను. గొంతెత్తి ఏడవకూడదు. కన్నీళ్ళు కారకూడదని మాత్రం ఏ నియమంలోనూ లేదని తర్వాత దారిలో భంతే చెప్పారు.

వానాకాలం పూర్తయింది. గుడ్డ విప్పాను, అమ్మ నన్ను మళ్ళీ 'ఒరేయ్' అంది, ఆ రాత్రే పులుసు పెట్టింది. అప్పటికి పులసల కాలం అయిపోయింది గనక అది మామూలు చేప, అయినా పులసేనని అందరికీ చెప్పాను. ఊరి మీద జెండా మారింది, గేటు పోయింది. పాకను ఒక వరద పట్టుకుపోయింది, అంతకుముందే భంతే పోయారు. ఇప్పుడు ఆ గట్టు మీద రొయ్యల చెరువుల మోటార్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. తెడ్డు చప్పుడు వినాలంటే చెవి ఆనించాలి. నేను పెళ్ళిళ్ళలో, సభల్లో, ఊళ్ళు పట్టి తిరిగి ఎన్ని పద్యాలు రాగం తీశానో. ఆ పద్యం మాత్రం ఎవరు అడిగినా మూడో పాదం దాటలేదు. ఊరికే బెట్టు అనుకుంటారు. ఎవరూ అందుకోరు. అందుకునేవాళ్ళు ఒక్కొక్కరే ఆ గట్టుకే వెళ్ళిపోయారు, పోయినేడు సత్తిబాబుతో సహా. ఏ నియమమూ లేని ఈ నోట్లో ఆ వానాకాలం ఇంకా పూర్తికాలేదు.

మొన్న సామాన్లవాడు వెళ్ళాక గిన్నె కడిగి, అరుగు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల సుభద్ర పొయ్యి దగ్గర ఉంది. నాకు తెలియకుండానే మొదలుపెట్టినట్టున్నాను, రాగం లేకుండా, సంతలో ధరలా. మూడో పాదం దగ్గర ఆగాను. వంటింట్లోంచి సుభద్ర, చింతపండు గింజలు ఏరుతూ, ఇన్నేళ్ళుగా నా నోటా, సత్తిబాబు నోటా వినీ వినీ విసిగిపోయిన గొంతుతో, "తెడ్డు చప్పుడొకటె తెలియనిమ్ము. ఆ గిన్నె ఇటు తెస్తారా, చింతపండు దేంట్లో పొయ్యను?" అంది.

ఇక్కడ తాలింపు ఘాటుకు ఆవిడ తుమ్మిందని రాస్తే కథ కుదిరేది. తుమ్మలేదు. నేను కాసేపు చూశాను. తర్వాత లేచి గిన్నె లోపలికి తీసుకెళ్ళి ఇచ్చాను.